బెల్ మోగితే తలుపెవరు తీస్తారు?

అల్లుడుగారు ఫోన్ చేశారని తెలియగానే రిటైర్డ్ పోస్టుమాస్టరుగారు చొక్కా కోసం వెతుక్కున్నారు. ఫోన్లో మాట్లాడేవాళ్ళకి చొక్కా కనపడదని ఆయనకీ తెలుసు. అయినా బనీనుతో అల్లుడి ముందు నిలబడడం ఆయన ఒంటికి పడదు. కూతురు మొగుడితో పడలేక పుట్టింటికి వచ్చేసిన దగ్గర్నుంచీ ఆయన మర్యాద రెండింతలైంది. తప్పెవరిదో ఆయన విచారించలేదు. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళదే తప్పు, తప్పు మనవైపు ఉన్నప్పుడు మనం ఇంకాస్త ఒంగాలి. ఇదీ ఆయన లెక్క.

గుండీలు పెట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి ఫోన్ని టీపాయ్ మీద పెట్టి స్పీకర్ నొక్కారు. ఆ విధంగా అల్లుడన్న మాట ఇంట్లో అందరూ విన్నారు.

"నమస్కారం మావయ్యగారూ. అత్తయ్యగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"

"మీ దయవల్ల బానే ఉన్నాయి బాబూ."

"సంతోషం. అమ్మాయికి ఒక్క మాట చెప్పండి. ఆ షాపులో కూర్చుని రోజూ ఊళ్ళో వాళ్ళందరి ముఖాలకీ కళ్ళజోళ్ళు పెడుతుంది కదా. ఆదివారానికల్లా నా ఇంటికి రాకపోతే, తను పెట్టుకోవడానికి ముఖం మిగలనివ్వను. మరి ఉంటానండీ. ఎండలో ఎక్కువ తిరక్కండి."

"అలాగే బాబూ, ఉంటాను," అన్నారు పోస్టుమాస్టరుగారు అలవాటు కొద్దీ.

కూతురు వంటింటి గుమ్మంలో తడిచేతులతో నిలబడిపోయింది. తల్లి చేతిలో గరిట కూడా కదల్లేదు. ముందుగా తల్లే సర్దిచెప్పబోయింది.

"ఏదో కోపంలో అని ఉంటారు. గొంతు పెంచలేదు కదా."

"పెంచలేదనేగా భయం," అంది కూతురు. "నేను పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నా."

పోలీస్ స్టేషన్ అనే మాట వినగానే పోస్టుమాస్టరుగారు లేచి కిటికీ మూశారు. ముఖం మిగలనివ్వనన్న మాట విన్నప్పుడు మూయాలని తోచలేదాయనకి.

వెళ్ళొద్దన్నారు. వినలేదు. ఆడపిల్లని ఒంటరిగా స్టేషన్‌కి పంపితే నలుగురూ ఏమనుకుంటారని ఇస్త్రీ చొక్కా వేసుకుని తనూ బయల్దేరారు. ఆ నలుగురూ ఎవరో కూతురికి చిన్నప్పట్నుంచీ అనుమానమే. ఎవరి ముఖమూ ఎన్నడూ చూసింది లేదు గానీ, ఆ ఇంట్లో ప్రతి నిర్ణయంలోనూ వాళ్ళకి ఓటుంది.

ఆ స్టేషన్‌కి ఈమధ్యే ఒక కొత్త కాయితం వచ్చింది. ఎవరైనా బెదిరింపుల గురించి చెప్పుకుంటే ప్రమాదం ఎంతో అంచనా కట్టడానికి దాన్ని తయారుచేశారు. పెద్ద అధికారులు ఒక హోటల్ హాల్లో చేరి, భోజనాలకి ముందు సగం ప్రశ్నలూ భోజనాలయ్యాక మిగతా సగమూ రాశారట. రెండో సగం చదివితే భోజనం బాగా కుదిరిందని తెలుస్తుంది. జవాబులకి మార్కులు, మార్కులకి రంగులు. ఎరుపంటే ప్రమాదం, పసుపంటే చూద్దాం, పచ్చంటే ఇంటికెళ్ళండి.

స్టేషన్లో రాతపని చూసే రైటరు ఆ కాయితం ముందేసుకుని పెన్ను విదిలించాడు.

"ఏమని బెదిరించాడు?"

కూతురు నోరు తెరిచింది.

"నువ్వుండమ్మా," అన్నారు పోస్టుమాస్టరుగారు. గొంతు సవరించుకున్నారు. "అంటే... అమ్మాయి ముఖం ఇక చూడనన్నట్టుగా అన్నారండీ."

"నాన్నా! అలా కాదు కదా అన్నది..."

"ఒక్కొక్కరే మాట్లాడండమ్మా. పెద్దాయన చెబుతున్నారు కదా," అన్నాడు రైటరు, పెద్దాయన చెప్పిందే రాసుకుంటూ. "తాగుతాడా?"

"రామ రామ. టీ కూడా ముట్టరు."

"ఇంతకుముందు కేసులేమైనా?"

"ఎర్రలైటు దాటి ఎరగరండీ."

"ఆయుధాలు?"

"పుస్తకాలండీ. ఇంటినిండా పుస్తకాలే."

"ఉద్యోగం ఉందా?"

"లెక్చరరండీ!" అన్నారు పోస్టుమాస్టరుగారు, నిటారుగా కూర్చుని. అల్లుడి మీద ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన సంగతి ఆ క్షణంలో ఆయనకి గుర్తు లేదు.

రైటరు పెన్ను ఆపాడు. "ఏ కాలేజీ?" చెప్పారు. రైటరు ముఖం వికసించింది. "అబ్బో, మంచి కాలేజీ. మా వాడు చదువులో బొత్తిగా వెనకబడ్డాడండీ. ఇంటిదగ్గర ట్యూషనేమైనా చెబుతారా ఆయన?"

"అడిగి చూస్తాను లెండి. కాదనరు."

ఉద్యోగం ఉంది అన్న గడిలో టిక్కు పడింది. మార్కులు కూడితే పచ్చ రంగు వచ్చింది. రైటరు పరీక్ష పాసైన వాడికి చెప్పినట్టు చెప్పాడు, ఏం పర్లేదమ్మా, ఇంటికెళ్ళి హాయిగా ఉండండని.

మెట్లు దిగుతూ కూతురు అడిగింది. "ఆయనన్న మాట ఉన్నదున్నట్టు ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"అలాంటి మాట పరాయివాళ్ళ ముందు నోటితో ఎలా అంటానమ్మా? అల్లుడి పరువేం కావాలి?"

"నా ముఖమేం కావాలి?"

"నీ ముఖానికేమైంది? లక్షణంగా ఉంది."

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఊళ్ళో వాళ్ళ ఉత్తరాలు అక్షరం చెదరకుండా చేరవేసిన మనిషి ఆయన. చిరిగిన కవర్లు కూడా జాగ్రత్తగా అంటించి పంపేవారు. జీవితం మొత్తంలో తప్పకుండా చేర్చాల్సిన మాట ఒకే ఒక్కటి చేతికొస్తే, దాన్ని దిద్ది, పౌడరు రాసి, తల దువ్వి మరీ ఇచ్చారు.

ఆ స్టేషన్ ఇన్‌స్పెక్టరమ్మకి అందరికీ విసుగు పుట్టించే అలవాటొకటుంది. ఎరుపు కాయితాలు తర్వాత చూస్తుంది, ముందు పచ్చవి తీయమంటుంది. ఎరుపువాటి వెంట ఎలాగూ అందరూ పరిగెడతారు, ఎవరూ చూడనివి పచ్చవేనని ఆవిడ వాదన. దానికో కారణముంది. ఈ కాయితం ముందే వచ్చిన ఆవిడ పాత స్టేషన్లో ఒకామె పచ్చ రంగు తీసుకుని ఇంటికెళ్ళింది. ఆమె మళ్ళీ రాలేదు, ఆమె అన్న వచ్చాడు, శవపంచనామా మీద సంతకం పెట్టడానికి. విచారణ జరిగింది. కాయితం సక్రమంగానే పూర్తి చేశారని తేలింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఇన్‌స్పెక్టరమ్మ తప్ప.

"ముఖం చూడనన్నాడని పోలీసుల దగ్గరికి ఎవరైనా వస్తారయ్యా?" అంది ఇన్‌స్పెక్టరమ్మ రైటరుతో. "ఎవరు చెప్పారు ఈ మాట?"

"తండ్రండీ. చాలా మర్యాదస్తుడు."

"ఆ అమ్మాయినేం అడిగావు?"

రైటరు ఆలోచించాడు. "కూర్చోమన్నానండీ."

మర్నాడు ఇన్‌స్పెక్టరమ్మ మామూలు బట్టల్లో కళ్ళజోళ్ళ షాపుకెళ్ళి ఫ్రేములు చూపించమంది. పోస్టుమాస్టరుగారి కూతురు ఒక్కో ఫ్రేమూ ఆవిడ ముక్కు మీద ఆనించి, చెవుల వెనక సరిచేస్తోంది. దగ్గరగా వంగినప్పుడు ఆవిడ నెమ్మదిగా తనెవరో చెప్పి, అడిగింది.

"అతనన్న మాట మీ నాన్నగారి మాటల్లో వద్దు. అతని మాటల్లో చెప్పు."

చెప్పింది. మోకాళ్ళ పరామర్శతో సహా.

"ఆ ఫోన్ తర్వాత ఇంట్లో ఏమేం మారాయి?"

"ఏం మారతాయండీ. ఏమీ జరగనట్టే ఉన్నారు." ఫ్రేము తుడుస్తూ ఆగింది. "అమ్మ బాల్కనీలో బట్టలు ఆరెయ్యడం మానేసింది. దుమ్మట. నాన్న నాతోపాటు బస్టాపు దాకా నడుస్తున్నారు, షుగర్ తగ్గాలని. ఆయనకి షుగర్ లేదు. నేను... ఇదిగో, ఈ స్టూలు వాకిట్లోకి కనిపించకుండా గోడవైపు జరుపుకున్నా."

"భయమనే మాట ఒక్కరూ అనలేదు."

"మా ఇంట్లో ఆ మాట వాడమండీ. దుమ్ము అంటాం."

ఇన్‌స్పెక్టరమ్మ నవ్వబోయి ఆగింది. "లెక్చరరని రాశాడు మావాడు. ఏం చెబుతాడు కాలేజీలో?"

"కెమిస్ట్రీ."

ఆవిడ ముక్కు మీది ఫ్రేము తీసి బల్ల మీద పెట్టేసింది. "ఇది కాయితంలో లేదే!"

"ఉద్యోగం ఉందా అనే అడిగారండీ. ఉందంటే సంతోషించారు."

ఇన్‌స్పెక్టరమ్మ అక్కణ్ణుంచి తిన్నగా కాలేజీకెళ్ళింది. లాబ్ తాళంచెవి అతని దగ్గరే ఉంటుందని ప్రిన్సిపాలు గర్వంగా చెప్పాడు. సీసాలన్నీ లెక్క ఉన్నాయా అని అడిగితే నొచ్చుకున్నాడు. పరీక్షల హడావిడి తగ్గాక తప్పకుండా చూపిస్తామని, అసలు తమ స్టాఫులో అలాంటివాళ్ళు ఉండరని, అందరూ పీహెచ్‌డీలేనని చెప్పి పంపించాడు.

సాయంత్రానికి జీపు పోస్టుమాస్టరుగారి ఇంటి ముందు ఆగింది. ఆయన చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు.

"అమ్మా, తమరు ఏమీ అనుకోకపోతే... జీపు పక్కవీధిలో పెట్టిస్తారా? మా వీధిలో అందరూ మర్యాదస్తులు."

"పక్కవీధిలో?"

"అక్కడ ఎవరో ఏమిటో నాకు తెలీదండీ."

జీపు కదల్లేదు. ఇన్‌స్పెక్టరమ్మ లోపలికొచ్చి కూర్చుంది. తల్లి కొత్త కప్పులు తీసింది. ఇన్‌స్పెక్టరమ్మ మంచినీళ్ళు చాలంది. తల్లి ముఖం చిన్నబోయింది, కొత్త కప్పులు కడిగేసింది మరి.

"ఒక్కటే అడుగుతాను," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "మీ అల్లుడు వచ్చి బెల్ కొడితే తలుపెవరు తీస్తారు?"

"నేనేనండీ," అన్నారు పోస్టుమాస్టరుగారు.

"తీసి?"

"రమ్మంటాను."

"ముఖం మిగలనివ్వనన్న మనిషిని?"

"అంటే... గుమ్మంలో ఎంతసేపని నిలబెడతామండీ? ఎదురింటావిడ చూస్తుంది."

"కాఫీ అయినా ఇవ్వాలి కదండీ," అంది తల్లి. "టీ తాగరు గానీ కాఫీ తాగుతారు."

"అమ్మాయి ఎక్కడుందని అడిగితే?"

పోస్టుమాస్టరుగారు ఇబ్బందిగా కదిలారు. "లోపలుంటే లోపలుందని చెప్పాలి కదా. పెద్దవాణ్ణి, అల్లుడితో అబద్ధం ఎలా ఆడతానండీ?"

"మాతో ఆడారుగా."

"అది అబద్ధం కాదమ్మా. మర్యాద."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ కూతురు నేల చూస్తోంది. ఇన్‌స్పెక్టరమ్మ ఫైలులోంచి ఆ పచ్చ కాయితం తీసింది. రంగు కొట్టేసి ఎరుపని రాసింది. కింద ఖాళీ స్థలంలో ఇంకో వాక్యం రాసి, చదివి వినిపించింది. "ఇంట్లోవాళ్ళే తలుపు తీస్తారు." ఆ మాటకి ఆ కాయితంలో గడి లేదు. పెద్ద అధికారులకి అలాంటి మామగారు తగిలి ఉండరు. లేదా, వాళ్ళే అలాంటి మామగార్లయి ఉంటారు.

"అమ్మాయిని ఈ పూటే వేరే చోటికి తీసుకెళ్తున్నాను."

"ఎక్కడికండీ?"

"మీకు చెప్పను."

"కన్నవాళ్ళకే చెప్పరా?" పోస్టుమాస్టరుగారి గొంతు ఆ వారంలో మొదటిసారి పెరిగింది. అల్లుడి మాటకి పెరగని గొంతు.

"ముఖ్యంగా మీకే చెప్పను."

కూతురు బ్యాగు సర్దుకుంది. తల్లి పక్కనే నిలబడి, అటూ ఇటూ చూసి గుసగుసగా అడిగింది. "ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటావే?"

"దుమ్ముగా ఉందని వెళ్ళిందని చెప్పమ్మా."

"వేళాకోళం చాలు. ట్రైనింగుకెళ్ళిందని చెబుతా."

"కళ్ళజోళ్ళు పెట్టడానికి ట్రైనింగేంటమ్మా?"

"ఏదో ఒకటి ఉంటుందిలే. చదువుకున్నదానివి కదా."

ఎదురింట్లో ఒక కానిస్టేబుల్ని మామూలు బట్టల్లో కూర్చోబెట్టారు. ఎదురింటావిడ ఎగిరి గంతేసింది. ఇన్నాళ్ళూ కర్టెన్ సందులోంచి దొంగతనంగా చేసిన పని ఇప్పుడు ప్రభుత్వమే పక్కన కూర్చుని చేస్తోంది. ఆవిడ అతనికి ఆ ఇంటి సంగతులన్నీ మొదట్నుంచీ చెప్పుకొచ్చింది. ఆ వినడం కన్నా దొంగల వెంట పరిగెత్తడం సులువని కానిస్టేబులుకి అర్థమైంది.

ఆదివారం బెల్ మోగింది.

తలుపుకి కన్నం ఉంది. పోస్టుమాస్టరుగారు అందులోంచి చూడలేదు. వచ్చినవాళ్ళని కన్నంలోంచి చూడడం వాళ్ళని అనుమానించడమేనని ఆయన అభిప్రాయం. తలుపు బార్లా తీశారు.

"రండి రండి బాబూ!"

అల్లుడు చెప్పులు విడిచి, రెండూ గోడకి సమానంగా సర్ది, లోపలికొచ్చాడు. భుజానికి తోలు సంచి. సోఫాలో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. పోస్టుమాస్టరుగారు తలుపు వెయ్యలేదు. అల్లుడు లోపలుండగా తలుపేస్తే ఏదో దాస్తున్నట్టుంటుందని. ఆయన మర్యాదంతటిలో ఎవరికైనా పనికొచ్చింది ఇదొక్కటే.

"సంచి పక్కన పెట్టుకోండి బాబూ, బరువేమో," అంది తల్లి, కాఫీ కప్పు అందిస్తూ.

"పర్లేదండీ. అమ్మాయి ఏదీ?"

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. తెలిసుంటే చెప్పేసేవారే. అది వాళ్ళ ముఖాల్లోనే కనపడుతోంది.

"ఏం చెప్పమంటారు బాబూ," అన్నారు పోస్టుమాస్టరుగారు బాధగా. "ఆ ఇన్‌స్పెక్టరమ్మ ఎక్కడికో తీసుకుపోయింది. కన్న తండ్రిని, నాకే చెప్పలేదు! ఎంత అన్యాయమో మీరే చెప్పండి."

అల్లుడు తల పంకించి సానుభూతి చూపించాడు. కప్పు కింద పెట్టాడు. సంచి జిప్పు తీసి ఒక గాజు సీసా బయటికి తీశాడు. దాని మీద కాలేజీ చీటీ, చీటీ మీద అతని అందమైన చేతిరాత.

"మావయ్యగారూ. ఎక్కడుందో గుర్తు తెచ్చుకోండి."

ఇప్పుడూ గొంతు పెంచలేదు. మూత తిప్పుతున్నాడు, మెల్లగా, క్లాసులో పిల్లలకి చూపించినట్టు.

తల్లి చటుక్కున ముందుకొచ్చింది. ఏం చేస్తుందో అనుకుంటే, చేతికందిన పాత పేపరు సీసా కింద టీపాయ్ మీద పరిచింది. ఈమధ్యే పాలిష్ చేయించారు దాన్ని.

సరిగ్గా అప్పుడే తెరిచి ఉన్న తలుపులోంచి కానిస్టేబులు వచ్చి, వెనకనుంచి అల్లుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. సీసా పేపరు మీద పడింది గానీ దొర్లలేదు. మూత అంచు నుంచి కొంచెం చిందింది. పేపరు చూస్తుండగానే నల్లబడి కుంచించుకుపోయింది, దాని కింద పాలిష్ పొంగింది, చెక్కలోంచి ఘాటుగా పొగ లేచింది.

ఆ పొగ వైపు చూస్తూ పోస్టుమాస్టరుగారు తనకి తెలీకుండానే చెయ్యెత్తి చెంప తడుముకున్నారు. కొంచెంసేపు, చాలా కొంచెంసేపు, ఆయనకి అంతా అర్థమైంది.

అల్లుణ్ణి జీపెక్కించారు. ఈసారీ జీపు ఇంటి ముందే ఉంది. చెప్పులు తొడుక్కోనివ్వకుండా తీసుకెళ్ళారని పోస్టుమాస్టరుగారు నొచ్చుకున్నారు. కాఫీ కూడా సగంలో ఆగిపోయిందని తల్లి అంది. సాయంత్రానికి టీపాయ్ మీద నల్లటి మచ్చని కప్పుతూ పూల గుడ్డ పరిచారు. దాని మీద ప్లాస్టిక్ పూలకుండీ పెట్టారు. ఎదురింటావిడ పలకరింపుకొచ్చి ఆ కుండీ ఎత్తి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ పెట్టేసింది. అంతకన్నా పెద్ద అవమానం ఆ ఇంటికి జరగలేదు.

కొన్నాళ్ళకి కూతురు ఫోన్ చేసింది. ఇంటికి రావాలా వద్దా తేల్చుకోమని ఇన్‌స్పెక్టరమ్మ నిర్ణయం తనకే వదిలేసింది. బ్యాగు సర్దుకుని మంచం మీద పెట్టుకుని మరీ చేసింది ఫోన్.

"వచ్చెయ్యమ్మా," అన్నారు పోస్టుమాస్టరుగారు. "ఆయన ఇంకా లోపలే ఉన్నారు కదా."

"బెయిలు వస్తే బయటికొస్తారు. నాన్నా, బెల్ మోగితే తలుపెవరు తీస్తారు?"

"నువ్వు కూడా ఆవిడలాగే మాట్లాడతావేంటే! నాకు బుద్ధొచ్చింది. తలుపుకి గొలుసు పెట్టించాను. ముందు కన్నంలోంచి చూస్తాను. ఎవరని అడుగుతాను. ఆ తర్వాతే..."

ఫోన్లోంచి ఆ ఇంటి బెల్ మోగడం వినపడింది.

"ఒక్క నిమిషం ఉండమ్మా."

కూతురు ఫోన్ చెవికి ఆనించుకుని వింటోంది. ఫోన్ టీపాయ్ మీద పెట్టిన చప్పుడు. చొక్కా దులిపిన చప్పుడు. గబగబా అడుగులు. గొలుసు తీసి కింద వదిలేసిన చప్పుడు. తలుపు బార్లా తెరుచుకున్న చప్పుడు.

"రండి రండి, లోపలికి దయచెయ్యండి. అబ్బే, చెప్పులు పర్లేదు. కూర్చోండి. ఏమేవ్, మంచినీళ్ళు తీసుకురా."

కొంచెం ఆగి, అదే ఆదరంతో నాన్నగారి గొంతు.

"ఇంతకీ తమరెవరు?"

కూతురు ఫోన్ పెట్టేసి, మంచం మీది బ్యాగు జిప్పు తీసి, బట్టలు ఒక్కొక్కటిగా మళ్ళీ బీరువాలో పెట్టుకుంది.